మహమ్మారి నాడు ఒక విశ్వవిద్యాలయం

(ఉగాది ఉత్సవాల సందర్భమున షోలాపూరులో మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటేటా మాట్లాడేవారు పండితులు, వకీళ్ళు, హైస్కూలు పంతుళ్ళు. నేను మెట్రిక్ ప్యాసై రైల్వేలో పార్సిల్ క్లర్కుగా చేరినవాణ్ణి. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి "ఈసారి నీవు కూడా ఏదైనా మాట్లాడాలె" అన్నప్పుడు, పద్యం చదవమంటారేమోనని గుండె దడదడలాడింది. "పద్యాలు వద్దయ్యా, నీకు తెలిసిందేదో చెప్పు" అన్నారు. నాకు బాగా తెలిసినవి పార్సిళ్ళు. పార్సిల్ పోయినప్పుడు తప్ప పార్సిల్ క్లర్కు ఎవరికీ గుర్తురాడు గనుక ఆ సంగతి మీకెందుకు? వేరొక సంగతి ఎంచుకున్నాను. మహమ్మారి వచ్చి మీద పడినప్పుడు, ప్రజల సొమ్ముతో పెరిగిన ఒక విశ్వవిద్యాలయం తనలోని నానారకాల విద్వాంసులను ఏ విధంగా పనిలో పెట్టింది, ఎక్కడ గెలిచింది, ఎక్కడ బోల్తా పడింది అనేది ఆ సంగతి. దీనిని నేను ఎంచుకోవడానికి సొంత కారణం ఒకటి వున్నది. అది చివర మనవి చేస్తాను.

2020 మార్చి 25వ తేదీ మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. ఆనాడు శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా తాళం పడ్డ మొదటి రోజు కూడా అదే. మన సంఘానికి ఆ యేడు సభ లేదు, సావనీరు లేదు. పంచాంగ శ్రవణం ఎవరి ఇంట్లో వారు ఫోనులో విన్నాము. ప్రయాణీకుల బండ్లు అంతకు రెండు మూడు రోజుల ముందే ఆగిపోయినవి. నేను పుట్టి బుద్ధెరిగిన తరువాత మన పూర్వభాగంలో మగ్గం చప్పుడు లేని రాత్రి అదే మొదటిది. నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మకూ పట్టలేదు. "చప్పుడు వుంటేనే కండ్లు మూతపడుతయి బిడ్డా" అన్నది.

రైల్వేవారికి మాత్రం పూర్తి సెలవు లేదు. గూడ్సు బండ్లు నడిచినవి, మందుల పెట్టెలు మోసే పార్సిల్ బండ్లు నడిచినవి. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. అయిదు వేలకు పైగా పెట్టెలను రోగులను వేరుగా వుంచే వార్డులుగా మార్చినారు. ఆ రోజుల్లో ఏ పెట్టె మీద ఏ చేయి పడ్డదో తెలియక, పార్సిళ్ళను దూరం నుంచి కర్రతో జరిపే వాళ్ళము. ఇప్పుడు నవ్వు వస్తుంది.

ఇక అసలు సంగతి. విశ్వవిద్యాలయం అనగానే మనకు కాన్వొకేషన్, నల్ల గౌను, ఫోటో ఇవే తోస్తవి. మనలో చాలామంది భుజాన పడ్డ కోవిషీల్డు టీకా పుట్టింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలోనే గదా. తయారైనది మాత్రం మన లైను మీద, పుణెలో. 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలైనవి. ఆ టీకా కథ పత్రికలలో మీరందరూ చదివినదే. నేను చెప్పబోయేది అంతగా ఎవరూ చెప్పుకోని వేరొక విశ్వవిద్యాలయం కథ. ఇది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రానిది.

నాకు ఆ వూరి సంగతి ఎట్లా తెలుసునంటే, మా అక్క కొడుకు 2020లో అక్కడ సివిల్ ఇంజనీరింగులో పై చదువు చదువుతూ వున్నాడు. ఆ ఆగస్టులో ఒక రాత్రి ఫోను చేసి "మామా, ఇక్కడ మేమంతా వారానికి రెండుసార్లు ఉమ్మి ఇచ్చి రావాలె" అన్నాడు. మా అక్క పక్కనుంచి విన్నది. "ఇన్ని లక్షలు అప్పు చేసి అమెరికా పోయింది ఉమ్మి ఇయ్యడానికా బిడ్డా?" అని ఒకటే గోల. వాడు చెప్పినవి కొన్ని, ఆ తరువాత నేను కూడబలుక్కుని చదివినవి కొన్ని, కలిపి మీ ముందు పెడుతున్నాను.

చికాగో నగరానికి దక్షిణంగా సుమారు 220 కిలోమీటర్ల దూరంలో అర్బానా, షాంపేన్ అని జంట ఊళ్ళు వున్నవి. రైల్వేవాణ్ణి గనుక ఒక మాట చెప్పకుండా వుండలేను. మొదట వున్నది అర్బానా ఒక్కటే. 1850ల నడుమ ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గం వేసినవారు ఊళ్ళోకి రాకుండా రెండు మైళ్ళు పడమటగా పట్టాలు వేసినారు. స్టేషను చుట్టూ ఇళ్ళు లేచినవి, అంగళ్ళు లేచినవి, చివరికి అదే షాంపేన్ అనే వేరే ఊరైంది. మన వైపు కూడా స్టేషను పుణ్యాన పుట్టిన ఊళ్ళు ఎన్ని లేవు!

ఆ జంట ఊళ్ళ మధ్య 1867లో ఈ విశ్వవిద్యాలయం పుట్టింది. అంతకు ముందు 1862లో, అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా వున్నప్పుడు, వాళ్ళ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రాష్ట్రాలకు సర్కారు భూములు ఇస్తాము, వాటి సొమ్ముతో సేద్యము, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టండి అని దాని తాత్పర్యం. అనగా పెద్దింటి పిల్లలకు లాటిను నేర్పడానికి కాక, రైతు పిల్లలకూ పనివాళ్ళ పిల్లలకూ పనికివచ్చే చదువు చెప్పడానికి పుట్టినదన్న మాట. అక్కడ 1876 నుంచి ప్రయోగానికి మొక్కజొన్న పండిస్తున్న మడి ఒకటి వున్నది. దాని పక్కనే 1960లలో గ్రంథాలయం కట్టవలసి వస్తే, నీడ పడి పైరు చెడిపోతుందని గ్రంథాలయాన్ని నేల కిందికి దించి కట్టినారు. మా అల్లుడు ఈ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. తరువాత చూస్తే నిజమే. మొక్కజొన్నను గౌరవించి పుస్తకాలను భూమిలో దాచిన చోటు అది.

సుమారు 50,000 మంది విద్యార్థులు. 2020 ఆగస్టు 24న తరగతులు తెరవాలె. తెరిస్తే రోగం వ్యాపిస్తుంది. తెరవకపోతే చదువులు పోతవి, ఆ ఊళ్ళ బ్రతుకే విద్యార్థుల మీద గనుక అదీ పోతుంది. రోగం ఎవరికి వున్నదో ముందుగా తెలిస్తే గదా ఏదైనా చేయగలిగేది? ఆనాటి పరీక్ష ఎట్లా వుండేదో మీలో చాలామందికి ముక్కు ద్వారా అనుభవమే. పొడుగాటి పుల్ల లోపలికి పోనిచ్చి, ఆ పుల్లను మందునీళ్ళలో పెట్టి, ప్రయోగశాలలో ముందు వైరస్ జన్యుపదార్థాన్ని విడదీసి, అప్పుడు యంత్రంలో పెట్టాలె. విడదీయడానికి కావలసిన సరంజామాకు ప్రపంచమంతా కరువు. పుల్లలకు కూడా కరువే.

రసాయనశాస్త్ర శాఖలో మార్టిన్ బర్క్ అని ఒక ఆచార్యుడు. ఆయనకు వైద్యంలో కూడా పట్టా వున్నది. పాల్ హెర్గెన్‌రోథర్ అని ఇంకొక రసాయనశాస్త్రజ్ఞుడు. వీరి బృందాలు అసలు ఆ విడదీసే మెట్టే లేకుండా పని జరగదా అని ఆలోచించినవి. ముక్కు జోలికి పోకుండా నోటి ఉమ్మిని ఒక గొట్టంలో పట్టి, మూత తీయకుండానే 95 డిగ్రీల వేడిలో అరగంట వుంచినారు. ఆ వేడికి వైరస్ చచ్చి దాని లోపలి సరుకు బయటపడుతుంది. చచ్చిన వైరస్ గనుక ప్రయోగశాలలో పనిచేసేవారికి భయం లేదు. ఆ మీద కొద్దిగా మందునీళ్ళు కలిపి నేరుగా యంత్రంలో పెట్టడమే. వింటే ఇంతేనా అనిపిస్తుంది. మన ఇండ్లల్లో అన్నం వార్చడం కూడా చెప్పడానికి ఇంతే, ఏ నీళ్ళకు ఎంత సెగ అనేది తెలిసినవారికే తెలుసును. ఉమ్మి ఇచ్చేవాడు గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. అంతకు మించి కష్టం లేదు.

పరీక్ష దొరికింది. రోజుకు వేలకొద్దీ గొట్టాలను పరీక్షించే చోటు ఎక్కడ? ఇక్కడ నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం వస్తుంది. పశువైద్య కళాశాలలో, జంతువుల రోగాలు కనిపెట్టే ప్రయోగశాల ఒకటి వున్నది. మందలు మందలుగా పశువుల నమూనాలు పరీక్షించడం వారికి కొత్త పని కాదు. యంత్రాలు, పద్ధతి తెలిసిన మనుషులు వారి దగ్గర వున్నారు. ఆ పశువుల ప్రయోగశాలలోనే మనుషుల ఉమ్మి పరీక్ష పెట్టినారు. వైద్యులుగా ఎవరూ లెక్కపెట్టని వైద్యులు ఊరిని మోసినారు.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను, క్షమించాలె. మా చెల్లెలి కూతురు పోయినేడు పశువైద్యం చదువుతానన్నది. ఇంటిల్లిపాదీ విరుచుకుపడ్డారు. "కంప్యూటరు చదవమంటే గొడ్లడాక్టరు అవుతదట" అని. నేను ఈ అర్బానా సంగతి చెప్పినాను. మా బావ "అది అమెరికా గొడ్లు" అని ఒక్క మాటతో కొట్టిపారేసినాడు. పిల్ల మాత్రం పట్టు విడవలేదు, ఫారం నింపింది. అల్లుళ్ళను వెతికేవారు ఈ సభలో ఎవరైనా వుంటే గమనించగలరు.

సరే. గొట్టాలు వున్నవి, యంత్రాలు వున్నవి. ఎవరిని, ఎన్ని రోజులకు ఒకసారి పరీక్షించాలె? ఇది వైద్యుడు చెప్పే మాట కాదు, లెక్క కట్టేవాడు చెప్పాలె. భౌతికశాస్త్రంలో నైజెల్ గోల్డెన్‌ఫెల్డ్, ఆయనతో సెర్గేయ్ మాస్లోవ్. గోల్డెన్‌ఫెల్డ్‌గారు అంతకు ముందు స్ఫటికాలు ఎట్లా పెరుగుతవి, నీటి ప్రవాహంలో సుడులు ఎట్లా లేస్తవి అనేవి ఆలోచిస్తూ వున్న మనిషి. 2020 వసంతకాలం నుండే వీరు రాష్ట్ర గవర్నరుకు వ్యాధి అంచనాలు కట్టి ఇస్తూ వచ్చినారు. వీరి లెక్క మన భాషలో చెప్పాలంటే ఇదీ. ఈ రోగం అంటుకున్నవాడు తనకు తెలియకముందే పక్కవాడికి అంటించగలడు. జ్వరం వచ్చినవాణ్ణి మాత్రమే పరీక్షిస్తే బండి వెళ్ళిన తరువాత గేటు వేసినట్టే. జ్వరం లేనివాణ్ణి కూడా వారానికి రెండుసార్లు పరీక్షించి, ఫలితం ఒక రోజులో చేతికిస్తే, వాడు నలుగురికి అంటించకముందే ఆపవచ్చును. నెలకొకసారి ఎంత మంచి పరీక్ష చేసినా ఆ పని జరగదు.

ఫలితం త్వరగా అందడం అనే మాట మీరు మనసులో వుంచుకోండి. పాత రోజుల్లో సింగిల్ లైను మీద లైన్ క్లియర్ టోకెను చేతికి అందనిదే డ్రైవరు బండి కదిలించేవాడు కాదు. ముందు స్టేషనులో లైను ఖాళీగానే వుండవచ్చు, ఆ మాట తనకు తెలిసే వరకు ఖాళీ లేనట్టే లెక్క. కట్ట మీద పనిచేసే ప్రతివాడికీ ఇది అక్షరాభ్యాసం. కొందరం రైల్వేలో వుండి కూడా మరచిపోతాము. దాని మాట తరువాత.

ఫలితం ఫోనుకు పంపడానికి ఒక ఏర్పాటు కావలసివచ్చింది. ఎవరికి భవనాల్లో ప్రవేశం వున్నదో, ఎవరికి లేదో ఆ ఫోనులోనే కనబడాలె. దీనికి ఆధారమైన కంప్యూటరు పని అంతకుముందే ఊరి ఆరోగ్యం కోసం అని అక్కడ సాగుతూ వుండినది. దాని పెద్ద ఎవరనుకున్నారు? కంప్యూటరు ఆచార్యుడు కాదు. తోటలు, మైదానాలు, చెట్ల నీడ గల వీథులు ఎట్లా అమర్చాలె అని పాఠం చెప్పే శాఖలో ఆచార్యుడు.

మిగిలిన శాఖలు కూడా ఖాళీగా కూర్చోలేదు. 2020 మార్చిలోనే ఇంజనీర్లు అక్కడి ఆసుపత్రివారితో కలిసి వారం లోపల శ్వాస ఆడించే అత్యవసర యంత్రం నమూనా తయారుచేసి, ఎవరైనా చేసుకోండి అని దాని నకాషాలు ఊరికే ఇచ్చివేసినారు. సివిల్ ఇంజనీరింగులో ఇద్దరు ఆచార్యులు, డాక్టర్లు వేసుకునే ఎన్-95 మాస్కులు కొరవడినప్పుడు, ఇంట్లో అన్నం వండుకునే కరెంటు కుక్కరులో నీళ్ళు పోయకుండా 100 డిగ్రీల పొడివేడిలో 50 నిమిషాలు వుంచితే క్రిమి చచ్చి మాస్కు చెడకుండా వుంటుందని చూపినారు. ఇరవైసార్లు చేసినా దాని వడపోత గుణం తగ్గలేదట. మా అల్లుడిది ఆ శాఖే గనుక ఈ కుక్కరు సంగతి వాడు వందసార్లు చెప్పినాడు, తానే కనిపెట్టినట్టు.

మనకు బాగా చుట్టరికం వున్న పని మాత్రం మెకానికల్ ఇంజనీరింగులో జరిగింది. తాహెర్ సైఫ్ అనే ఆచార్యుని బృందం ఇండ్లల్లో దొరికే రకరకాల బట్టలు తెచ్చి, తుమ్ములోని తుంపర వేగంతో నీటిబొట్లను వాటి మీదికి కొట్టి, ఏ బట్ట ఎంత ఆపుతుంది, ఎంత గాలి ఆడనిస్తుంది అని కొలిచినారు. తేలింది ఏమంటే, గాలి బాగా ఆడే టీషర్టు బట్టనే రెండు మూడు పొరలు వేస్తే ఆసుపత్రి మాస్కుకు దగ్గరగా తుంపరను ఆపుతుందని. నేత ఎంత చిక్కగా వుంటే అంత మేలని మనం అనుకుంటాము. మరీ చిక్కగా వుంటే ఊపిరి ఆడక, గాలి మాస్కు పక్కల నుంచి దూరుతుంది. పొరలు ముఖ్యం. తువ్వాళ్ళు, చద్దర్లు నేసి మూడు నాలుగు తరాలు బ్రతికిన మన వీథులకు ఈ ముక్క ఆ ఏప్రిల్‌లోనే తెలిసివుంటే, ఆగిన మగ్గాల పక్కన కూర్చున్నవారికి చేతినిండా పని దొరికేదేమో. నేను అన్న మాట కాదు, మా చిన్నాయన అన్నది. ఆయన మగ్గం మనిషి.

ఇంతవరకు గెలుపు. ఇప్పుడు బోల్తా.

ఆగస్టు 24న తరగతులు మొదలైనవి. రసాయనం, పశువైద్యం, భౌతికం, కంప్యూటరు అన్నీ గడియారంలా నడిచినవి. పది రోజులు కాకముందే కేసులు లెక్కకు మించి పైకి లేచినవి. భౌతికశాస్త్రజ్ఞులు అమాయకులు కారు. పడుచుపిల్లలు పార్టీలు చేసుకోక మానరని ముందే లెక్కలో వేసుకున్నారు. లెక్కలో వేసుకోనిది ఒక్కటే. నీకు రోగం వున్నది అని ఫలితం చేతికి వచ్చిన తరువాత కూడా కొందరు పార్టీకి పోతారని వారు ఊహించలేదు. తెలియక పోయేవాళ్ళ లెక్క వున్నది, తెలిసి పోయేవాళ్ళ లెక్క లేదు. ఫోనులోని ఏర్పాటును కూడా మోసం చేయచూసినవారు వున్నారట. సెప్టెంబరు 2న విశ్వవిద్యాలయం, రెండు వారాలపాటు చదువుకూ తిండికీ ఇటువంటి అవసరాలకూ తప్ప గది విడవకూడదని చిన్న తరగతుల విద్యార్థులకు కట్టడి చేసింది. కొందరిని సస్పెండు చేసింది.

పత్రికలన్నీ విద్యార్థులను తిట్టినవి. నేనూ తిట్టినాను. "కడుపు నిండిన పిల్లలు మామా వాళ్ళు" అని మా అల్లుడు కూడా తిట్టినాడు. కాని విశ్వవిద్యాలయంవారు తిట్టి వూరుకోలేదు. తాము ఎక్కడ తప్పినామా అని చూసుకున్నారు. పరీక్షకూ ఫలితానికీ మధ్య వున్న సమయాన్ని తగ్గించినారు గాని, ఫలితానికీ మనిషి తలుపు వేసుకుని కూర్చోవడానికీ మధ్య సమయం ఒకటి వున్నది. అది ఏ యంత్రానికీ అందదు. ఒక చిన్న జట్టును పెట్టినారు. రోగం వున్నదని తేలగానే అరగంట లోపల ఆ విద్యార్థితో మాట్లాడటం వారి పని. ఎక్కడ వున్నావు, ఎవరితో వున్నావు, నీకు వేరే గది వున్నది, రా అని పిలవడం. ఒంటరిగా వుండేవారికి గదులు, భోజనం విశ్వవిద్యాలయమే చూసింది. జట్టు పేరులోనే ముప్పయి అనే అంకె పెట్టుకున్నారు.

కేసులు దిగివచ్చినవి. ఆ డిసెంబరు వరకు పది లక్షలకు పైగా ఉమ్మి పరీక్షలు జరిగినవి. ఆ కాలంలో ఆ రోగంతో విశ్వవిద్యాలయం మనుషులు ఒక్కరు కూడా ఆసుపత్రిలో చేరలేదు, ఒక్కరు కూడా పోలేదు. చుట్టూ వున్న జిల్లాలో కూడా, అంచనా ప్రకారం పోవలసినవారిలో నాలుగోవంతు కంటే తక్కువ మందే పోయినారని తరువాత వారు వ్రాసిన శాస్త్రపత్రం చెబుతున్నది. 2021లో ఆ పరీక్షకు అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చి, రాష్ట్రంలోని ఇతర కళాశాలలకు, బడులకు కూడా పోయింది.

మీలో ఎవరో అడగబోతున్నారు, నాకు కనబడుతూనే వున్నది. అది డబ్బున్న దేశం, మనిషికొక గది వున్న చోటు, మన పూర్వభాగంలో ఒకే గదిలో మగ్గం, పొయ్యి, ఎనిమిది మంది మనుషులు, ఇక్కడ వేరే గదిలో వుండమంటే ఏ గదిలో వుంటారు అని. నిజం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఆకు తెచ్చుకోవడానికి పోక తప్పదు, పోతే వరుసలో నిలబడక తప్పదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కాని నా సంగతి వేరు. నాకు గది వున్నది. రైల్వే క్వార్టరులో రెండు గదులు. జీతం ఆగలేదు. సెలవు ఇచ్చినారు. ఆ కడుపు నిండిన పిల్లలలో నేనూ ఒకణ్ణి.

మొదట చెప్పిన నా సొంత కారణం ఇది. 2021 ఏప్రిల్ 13న ప్లవ నామ సంవత్సర ఉగాది. దానికి రెండు రోజుల ముందు గొంతు గరగరలాడింది. ఆఫీసులో ఒకరికి వచ్చింది గనుక నేనూ పోయి వరుసలో నిలబడి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను. "ఫలితం రావడానికి మూడు రోజులు పడుతది, అందాక ఇల్లు కదలొద్దు" అని అక్కడి అమ్మాయి చెప్పింది. పాపం, ఆమె ముందు ఇంకా వందమంది వున్నారు. నేను తల వూపినాను.

ఉగాదినాటికి గరగర తగ్గింది. మా ఇంట్లో ఆనవాయితీ ఏమంటే, ఉగాది పచ్చడి కలిపిన తరువాత మొదటి గిన్నె మా చిన్నాయన ఇంటికి పోవాలె. మా నాయన వున్నన్నాళ్ళు ఆయన తీసుకుపోయేవాడు, తరువాత నేను. మా అమ్మకు పరీక్ష సంగతి చెప్పలేదు, బెంగపడుతుందని. గిన్నె చేతికిచ్చింది. ఏమీ లేదులే, వుంటే ఈపాటికి జ్వరం రాదా అని నాకు నేనే చెప్పుకుని పోయినాను. లోపల పావుగంట కూర్చున్నాను. చిన్నమ్మ టీ ఇచ్చింది. టీ తాగడానికి మాస్కు గడ్డం కిందికి లాగినాను. చిన్నాయన పచ్చడి నాలుక మీద వేసుకుని "ఈసారి వేపపువ్వు తక్కువేసినార్రా" అన్నాడు. నవ్వుకున్నాము.

14వ తేదీ సాయంత్రం ఫోనుకు ఫలితం వచ్చింది. రోగం వున్నది. నేను తలుపు వేసుకున్నాను. చిన్నాయన ఇంటికి ఫోను చేసి జాగ్రత్తగా వుండండి అని చెప్పవలసినవాణ్ణి, చేయలేదు. ఒక రోజు చూద్దాం అనుకున్నాను. ఇంకొక రోజు చూద్దాం అనుకున్నాను. 17న ఆయనకు జ్వరం వచ్చిందని వాళ్ళే ఫోను చేసినారు. పదకొండు రోజులు ప్రాణవాయువు మీద వున్నాడు. బ్రతికి వచ్చినాడు, దేవుడి దయ. కాని ఆనాటి నుంచి మగ్గం దగ్గర గంట నిలబడితే ఆయాసం. యాభై యేండ్లు మగ్గం ఆడించిన మనిషి మగ్గం అమ్మివేసినాడు.

ఆ వారం మా వీథిలో ఇంటింటా రోగమే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పుడు ఏ ప్రయోగశాలా తేల్చి చెప్పజాలదు. నేను ఆ మాటనే అడ్డం పెట్టుకుని ఇన్నాళ్ళు గడిపినాను. ఇల్లినాయ్ పిల్లల సంగతి చదివినప్పుడు, భౌతికశాస్త్రజ్ఞులు లెక్కలో వేసుకోని ఆ మనిషి ఎట్లా వుంటాడో నాకు బాగా తెలుసునని తోచింది. వాడికి కొమ్ములు వుండవు. పచ్చడి గిన్నె పట్టుకుని వుంటాడు. అరగంటలో ఒకరు ఫోను చేసి "ఎక్కడ వున్నావు, ఎవరి ఇంటికి పోయినావు" అని అడిగివుంటే చెప్పివుండేవాణ్ణి. అడగకపోయినా చెప్పవలసినవాణ్ణే.

మా చిన్నాయన ఇవాళ సభకు వచ్చినాడు. ముందు వరుసలో, ఎడమ పక్కన, తెల్ల టోపీ పెట్టుకుని కూర్చున్నారు చూడండి, ఆయనే. నేను ఏమి మాట్లాడబోతున్నానో ఆయనకు చెప్పలేదు. అమెరికా సంగతి అని మాత్రమే చెప్పి తీసుకువచ్చినాను.

చిన్నాయనా, ఆ ఉగాదినాడు నేను పచ్చడి తెచ్చినప్పుడు నా పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఇల్లు కదలవద్దని నాకు చెప్పివున్నారు. ఫలితం వచ్చిన తరువాత కూడా మూడు రోజులు నీకు చెప్పలేదు.

నాకు ఇచ్చిన సమయం అయిపోయినట్టున్నది. సెలవు.